వ్రాయని పద్దు

గృహిణికి పద్దుల పుస్తకము అద్దమువంటిదని మా తాతగారు చెప్పుచుండెడివారు. అద్దములో మొగము మాత్రమే కనబడును. పద్దులలో మనస్సు కనబడునని ఆయన తాత్పర్యము. చిన్ననాట ఆ మాటను ముసలివారి చాదస్తమనుకొని నవ్వితిని. అది యెంత నిజమో 2020వ సంవత్సరమున, కరోనా వ్యాధి కారణముగా దేశమంతయు తలుపులు వేసికొని కూర్చున్న దినములలో, నాకు తెలిసినది. ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనవలెనని ఎంతో కాలముగా అనుకొనుచున్నాను. చెప్పుటకు సిగ్గుగానున్నది, కనుకనే చెప్పవలసియున్నది.

ఆ యేడు ఉగాది మార్చి 25వ తేది బుధవారము నాడు వచ్చినది. వికారి పోయి శార్వరి వచ్చెను. శర్వరి యనగా రాత్రి. తాతగారియొద్ద అమరము వల్లించినదానను గనుక ఆ పేరు వినగనే నాకేదో దిగులు కలిగెను. ముందటి రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రిగారు టెలివిజనులో మాటలాడి, ఆ అర్ధరాత్రి మొదలుకొని 21 దినములు ఎవ్వరును ఇల్లు కదలరాదని చెప్పియుండిరి. పండుగ పూట బజారునకు పోవుటకు వీలులేదు. వేపపువ్వు పెరటిలో నున్నది. చింతపండు, బెల్లము డబ్బాలలో నున్నవి. మామిడికాయను ప్రక్కయింటివారు గోడమీదుగా అందించిరి. పచ్చడిలో ఆరు రుచులును కుదిరినవి. కాని ఇంటిలో ఎవ్వరికిని పండుగవలె లేకపోయెను.

మాది రాజమహేంద్రవరము. గోదావరి స్టేషనుకు దగ్గరగా మూడు గదుల అద్దె యిల్లు. రాత్రింబగళ్లు వంతెనమీద రైళ్ల చప్పుడు వినుచునే మా పిల్లలు పెరిగిరి. మార్చి 22వ తేదిని జనతా కర్ఫ్యూ నాడు ప్రయాణికుల రైళ్లు ఆగిపోయినవి. అప్పుడప్పుడు గూడ్సుబండి మాత్రము పోవుచుండెను. అంతకుముందు చప్పుడు వలన నిద్ర రాదని విసుగుకొను మా అత్తగారు, ఆ నిశ్శబ్దములో నిద్రపట్టక మూడు రాత్రులు జపమాల త్రిప్పుచు కూర్చుండిరి.

ఇంటిలో మేము ఐదుగురము. మా వారు ఒక ప్రైవేటు పాఠశాలలో పదవ తరగతివారికి లెక్కలు చెప్పెదరు. మా అత్తగారికి అప్పుడు 72 ఏండ్లు. కీర్తిశేషులైన మా మామగారు ప్రభుత్వపాఠశాలలో ఉపాధ్యాయులు గనుక ఆమెకు కుటుంబపు పింఛను వచ్చుచుండును. పెద్దపిల్ల ఎనిమిదవ తరగతి, చిన్నవాడు మూడవ తరగతి. నా బడిచదువు పదవ తరగతితో ఆగినను, తాతగారి చలువవలన భారత భాగవతములు చదివి అర్థము చెప్పుకొనగలిగినంత చదువు నాకు ఇంటిలోనే అబ్బినది.

ఆరవ మనిషి యొకతె కలదు. ఆమె మా యింట నుండదు; కాని ఆమె లేనిదే మా యిల్లు లేదు. ఆరేండ్లనుండి మా యింట అంట్లు తోమి, ఇల్లూడ్చి, బట్టలుతుకుచున్న పనిమనిషి. నెలకు 1,500 రూపాయలు. ఇట్టి యిండ్లు ఆమెకు నాలుగున్నవి. మార్చి 23వ తేది ఉదయము ఆమె పని ముగించి వెళ్లబోవుచుండగా నేను గుమ్మమునొద్ద నిలిచి, "రేపటినుంచి రావద్దమ్మా. పెద్దావిడ ఉన్నారు, భయంగా ఉంది. మళ్ళీ నేను కబురు చేస్తాను, అంతవరకు గుమ్మంలోకి రావద్దు" అంటిని. "అలాగేనమ్మగారూ" అని చెప్పులు తొడుగుకొని వెళ్లెను. నేను తలుపు వేసి, ఆమె ముట్టిన గడియను సబ్బునీటితో తుడిచితిని. ఆ రెండు పనులలోను అప్పుడు నాకు తప్పు కనబడలేదు. వ్యాధి ముసలివారికి మిక్కిలి ప్రమాదమని వైద్యులందరును చెప్పుచుండిరి; రావద్దనుట తప్పు కాదు. తప్పు తరువాతి దానిలో నున్నది.

మొదటి వారము పిల్లలకు సెలవులవలె, నాకు వ్రతమువలె గడచినది. పాల పాకెట్టు కడుగుట, కూరగాయలు ఉప్పునీటిలో నానవేయుట, బజారు సంచిని ఎండవేయుట, వచ్చిన వారెవ్వరైనను కాళ్లుచేతులు కడుగుకొని గాని లోనికి రాకుండుట. ఇవన్నియు చూచి మా అత్తగారు, "మేము చెబితే మడి, చాదస్తం అన్నారు. ఇప్పుడు టీవీవాళ్లు చెబితే చేస్తున్నారు" అని సంతోషించిరి. ఆమె సంతోషము చెడగొట్టుట యెందుకని నేను బదులు చెప్పలేదు గాని, రెండును ఒకటి కావు. ఈ పురుగునకు పైనున్న క్రొవ్వుపొరను సబ్బు కరగించును గనుక చేతులు కడుగుకొనవలెనని శాస్త్రము చెప్పినది. మన మడి మనిషి పుట్టుకను జూచి దూరముంచినది; ఈ వ్యాధికి పుట్టుకతో పనిలేదు. ప్రధానమంత్రికైనను పాకీవానికైనను ఊపిరి యొక్కటే.

రెండవ వారమునకు నా చేతులు పగిలినవి. ఐదుగురు మనుష్యులు నాలుగు పూటలు ఇంటిలోనే తినుచుండిన ఎన్ని గిన్నెలు దిగునో నేనెన్నడును ఎరుగను. లెక్కల మాస్టారు గనుక మా వారు ఒకనాడు కూర్చుండి లెక్కవేసిరి: చెంచాలు గరిటెలు గాక 63. వేసి నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి అన్నము కలుపుచుండగా నా వ్రేళ్ల సందున పగుళ్లలో కారము తగిలి నేను చేయి వెనుకకు తీసికొనుట ఆయన చూచిరి. ఏమియు ననలేదు.

అందరును పండుకొన్న తరువాత పెరటిలో గిన్నెల చప్పుడు వినవచ్చినది. పోయి చూతును గదా, మా వారు చొక్కా విప్పి, పంచె ఎగగట్టి, కుళాయి దగ్గర కూర్చుండి చీకటిలో అంట్లు తోముచున్నారు. నేను దీపము వేయబోతిని. "వద్దు, వద్దు. మేడమీదివాళ్లు చూస్తారు" అనిరి.

అప్పటికి మధ్యాహ్నములందు నేను మా అత్తగారికి తిక్కనగారి విరాటపర్వము చదివి వినిపించుచుంటిని. విరాటపర్వము చదివిన వానలు కురియునని పెద్దల నమ్మకము. అందుచే నాకా మాటలు నాలుక చివరనే యున్నవి. "అజ్ఞాతవాసమా వలలుడుగారూ?" అంటిని. ఆయనయు నవ్వి, "అవును. చొక్కా జమ్మిచెట్టు మీద పెట్టి వచ్చాను" అనిరి. ధర్మరాజు కంకుభట్టై జూదమాడుట, భీముడు వంటవాడై గరిటె పట్టుట, అర్జునుడు బృహన్నలయై ఆట నేర్పుట, నకుల సహదేవులు గుఱ్ఱములను గోవులను కాచుట, ద్రౌపది సైరంధ్రియై సుధేష్ణకు తలదువ్వుట, ఇవన్నియు మేము కథగా చదివినవే. ఒక యేడు పరుల యింట పనిచేసిననుగాని రాజులకు రాజ్యము తిరిగి రాలేదన్న సంగతి మాత్రము ఎన్నడును ఆలోచింపలేదు.

అజ్ఞాతవాసము నాలుగవ రాత్రి బయటపడెను. నీళ్లకై లేచిన మా అత్తగారు కుమారుని చూచి అక్కడనే గడపమీద కూలబడిరి. "ఒరేయ్ అబ్బాయ్! నువ్వు అంట్లు తోముతున్నావా? ఇంత చదువు చదివించింది ఇందుకేనట్రా!" అని కన్నీరు పెట్టుకొనిరి. ఆయన నవ్వుచు, "భీముడంతటివాడు ఏడాది పాటు వంటచేశాడు కదమ్మా. మధ్యాహ్నం నువ్వు విన్నదే" అనిరి. దానికామె, "ఆయనకు రాజ్యం పోయింది కనుక చేశాడు. నీకేం పోయింది?" అనిరి.

ఆ మాటకు ఆయన మొగమున నవ్వు మాసిపోయెను. చేతిలోని గిన్నె కడిగి బోర్లించి లోనికి పోయిరి.

నాతో ఆ రాత్రి చెప్పిరి. మూడు దినముల క్రిందటనే పాఠశాల యాజమాన్యము వారియొద్దనుండి ఫోనులో సందేశము వచ్చినదట. మార్చి జీతములో సగము మాత్రమే యియ్యబడును. పాఠశాల మూసియున్నందున పని లేదు గనుక ఏప్రిల్ మొదలు తెరచువరకు జీతము లేదు. అంతే. పదునాలుగేండ్లు చాక్‌పీసు పొడి మ్రింగిన మనిషికి రెండు వాక్యములు. ఆ రెండు వాక్యములు చదివిన సాయంకాలము కూడ ఆయన యెప్పటివలెనే పదవ తరగతి పిల్లలకు ఫోనులో ఐదు లెక్కలు పంపిరి. మార్చి 31న మొదలు కావలసిన పరీక్షలు వాయిదా పడినవి. ఎప్పుడు పెట్టుదురో తెలియదు. పిల్లలు మరచిపోవుదురని ఆయన బెంగ. దూరదర్శన్ సప్తగిరిలో పదవ తరగతి పాఠములు చెప్పుచుండిన, అవి కూడ విని, ఏది తేలికగా దాటవేసిరో చూచి దానిమీదనే లెక్కలు కట్టి పంపుచుండిరి. పని లేదు గనుక జీతము లేదట! పని ఎప్పుడాగినది?

మరునాటినుండి పద్దుల పుస్తకము నా చేతికి వచ్చినది. అంతకుముందు నెలకొకమారు వ్రాయుదానను, ఇప్పుడు ప్రతిదినము వ్రాయదొడగితిని. ఏప్రిల్ నెలకు క్రొత్త పుట తెరచి, ఎడమప్రక్క జమలో "పాఠశాలనుండి రావలసినది" అని వ్రాసి, ఎదుట "రాలేదు" అని, ఆ మాట క్రింద కోపముతో రెండు గీతలు గీచితిని. కుడిప్రక్క ఖర్చు. అద్దె, పాలు, కూరలు, అత్తగారి మందులు, కరెంటు, గ్యాసుబండ. తరువాత అలవాటు చొప్పున "పనిమనిషి" అని వ్రాసి, ఎదుట ఏమియు వ్రాయక, "ఇది మిగులు" అనుకొంటిని. 1,500 మిగిలినదని మనస్సునకు కొంత ఊరట కూడ కలిగినది.

కలము అక్కడ ఆగిపోయెను. ఎడమప్రక్క రెండు గీతలు, కుడిప్రక్క ఖాళీ. పాఠశాలవారు మా వారికి వ్రాసిన వాక్యమునే నేను మా పనిమనిషికి వ్రాయకయే వ్రాసితిని. వారు వాక్యమైనను పంపిరి. నేను అదియు పంపలేదు.

ఆ పుట మూసి వంటింటిలోనికి పోయితిని. మనస్సు ఊరకుండునా! సాకులు వెదకసాగినది. మాకే జీతము లేనప్పుడు ఇతరులకెట్లిత్తుము? ఆమెకు ప్రభుత్వమువారు బియ్యము, కందిపప్పు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఏప్రిల్ మొదటి వారమున వలంటీర్లు పేదకుటుంబముల గుమ్మమునకే వెళ్లి వేయి రూపాయలిచ్చిరి. జనధన ఖాతాలు గల స్త్రీలకు కేంద్రమువారు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేయుదుమనిరి. ఆమెకు మరి మూడిండ్లున్నవి. అన్నిటికంటె పెద్ద సాకు, ఆమె వచ్చి అడుగనైన లేదు. ఇట్లు నాలుగు సాకులు కూర్చుకొని చూచితిని. పాఠశాలవారికి మాత్రము సాకులు లేవా? తలిదండ్రులు ఫీజులు కట్టలేదు, బస్సుల అప్పులున్నవి, భవనపు అద్దె యున్నది, మాస్టారు వచ్చి అడుగనైన లేదు. వారి సాకు చెల్లనియెడల నాది చెల్లదు. నాది చెల్లినయెడల ఎడమప్రక్క గీచిన రెండు గీతలు తుడిచివేయవలసినదే.

మా వారి పుస్తకములో వార్తాపత్రికనుండి కత్తిరించి దాచుకొన్న చీటీ యొకటి అప్పుడు నా కంటబడినది. మార్చి 29న కేంద్ర హోంశాఖవారిచ్చిన ఉత్తరువది. పరిశ్రమలైనను, దుకాణములైనను, వాణిజ్యసంస్థలైనను, యజమానులు మూసియున్న దినములకు కూడ పనివారి కూలి కోతలేకుండ గడువునకు చెల్లింపవలెనని దాని సారాంశము. ఆ ఉత్తరువు మే 18వ తేదినుండి తొలగిపోయినది గాని అప్పటికది అమలులోనే యున్నది. పాపము, ఏ ఆశతో కత్తిరించుకొనిరో! నేను దానిని రెండుమార్లు చదివితిని. పరిశ్రమలున్నవి, దుకాణములున్నవి, ఇండ్లు అన్న మాట లేదు. ఆ లేని మాట చాటున దాగుకొనవచ్చునా యని ఒక్క నిమిషము చూచితిని. సోదరీమణులారా, ఉన్న నిజము చెప్పుచున్నాను.

రాత్రి భోజనములయొద్ద సంగతి కదిపితిని. మా అత్తగారు వెంటనే, "పనిచెయ్యని నెలకు జీతమేమిటే? ఎక్కడైనా ఉందా?" అనిరి. నేను మాటలాడలేదు. మా వారు మెల్లగా, "అమ్మా, నాన్నగారు పోయి పదకొండేళ్లయింది. నీకు నెలనెలా డబ్బు వస్తోంది కదా. ఈ నెల ఆయనేం పనిచేశారు?" అనిరి.

"అదేం మాటరా? ఆయన ముప్ఫై ఏళ్లు చేశారు."

"అది ఆరేళ్లు చేసింది."

పిల్లలు కూడ కంచములలోనుండి తలలెత్తి చూచిరి. మా అత్తగారు మజ్జిగ పోసికొని, ఏమియు ననక భోజనము ముగించి లేచిరి. కోపము వచ్చినదని భయపడితిని. అపుడే మా వారి జీతము మాట కూడ ఆమెకు తెలియజెప్పవలసి వచ్చినది. విని చాలసేపు కుమారుని వంక చూచి, "అందుకేనట్రా చీకట్లో తోముతున్నావు!" అని మాత్రమనిరి. మరునాటినుండి పెరటిలో దీపము వెలిగించి ఆమెయే దగ్గర కుర్చీ వేసికొని కూర్చుండసాగిరి.

పోపులడబ్బా అడుగున నేను దాచినవి 3,400 రూపాయలు. అది యేటికని దాచితినో, ఏ చీరకని దాచితినో, ఇప్పుడు గుర్తులేదు. 1,500 తీసి కాగితములో చుట్టి, పనిమనిషి కుమారుని ఫోనుకు కబురంపితిని. ఉదయము దుకాణములు తెరచియుండు వేళలో ఆమె వచ్చినది. చీరకొంగు ముక్కునకు అడ్డముగా చుట్టుకొని గేటు బయటనే నిలిచినది. నెలలోపుగనే చిక్కిపోయినట్లు నా కంటికి తోచినది. నేను పొట్లము పిట్టగోడమీద పెట్టి ఆరడుగుల వెనుకకు జరిగితిని. ఆమె తీసికొని లెక్కపెట్టుకొని, "ఇది మార్చిదాండి, ఏప్రిల్‌దాండి?" అని యడిగెను.

నాకు నోట మాట రాలేదు. మార్చి నెల 23 దినములు ఆమె మా యింట పనిచేసినది. జీతము ఒకటవ తేదిని ఇచ్చుట మా యింటి వాడుక. ఒకటవ తేదికి ఆమెను రానీయలేదు, నేను పంపనులేదు. చేయని పనికి జీతమీయవచ్చునా కూడదా యని ఇంటిల్లిపాదియు ధర్మమీమాంస చేసితిమి గాని, చేసిన పనికే ఇయ్యలేదన్న మాట ఒక్కరికిని తోచలేదు. దానమిచ్చుదానివలె గోడమీద పెట్టి నిలుచున్న నేను, బాకీదారునై నిలువవలసి వచ్చినది.

"మార్చిది" అంటిని. "ఏప్రిల్‌ది ఒకటో తారీఖున ఇస్తాను. అడక్కపోయావా అమ్మా?"

ఆమె నిష్ఠురముగా ననలేదు; ఉన్నమాట చెప్పినట్లే చెప్పినది. "గుమ్మంలోకి రావద్దన్నారు కదండీ. మరి అడిగేదెలాగండి?"

భారతమంతయు చదివితినని గర్వించుదానను. ద్రౌపది సభలో ప్రశ్న అడిగినప్పుడు భీష్మద్రోణులు తలలు వంచుకొనిరని ఎన్నిమార్లు చదివి ఎన్నిమార్లు కోపపడితినో! ఆ యుదయమున గేటునకు లోపల నేను తల వంచుకొని నిలిచితిని.

తరువాత ఆమె గోడ కావలనుండియే నాలుగు మాటలు చెప్పెను. బియ్యమునకు లోటులేదట. కుమారుడు ఇండ్లకు రంగులు వేయువాడు; అతనికి పనిలేదు. గది అద్దె రెండు నెలలు పడినది. "బియ్యంతో అద్దె కట్టలేం కదండీ" అనెను. మిగిలిన మూడిండ్లలో ఒకరిచ్చిరట, ఇద్దరియొద్దనుండి కబురులేదట. అంతకుమించి ఆమె యడుగలేదు, నేను చెప్పలేదు.

ఆ దినములలో టెలివిజనులో ప్రతిరాత్రియు ఒకే దృశ్యము. మూటలు నెత్తిన పెట్టుకొని, బిడ్డలను భుజములమీద నెక్కించుకొని, రహదారుల వెంబడి వందల మైళ్లు నడచిపోవు వలసకూలీలు. పట్టణములు కట్టినవారిని పట్టణములు ఒక్క నెల నిలుపుకొనలేకపోయినవి. చూచి మేమందరమును, "అయ్యో, ఎంత అన్యాయము! వారి మేస్త్రీలు కూలియైన ఇయ్యలేదట!" అని నిట్టూర్చితిమి. మే 1వ తేదినుండి వారికై శ్రామిక రైళ్లు వేసిరి. ఒకనాటి రాత్రి వంతెనమీద నిండుబండి చప్పుడు వినవచ్చినప్పుడు మా అత్తగారు జపము ఆపి చేతులు జోడించిరి. ఆ అన్యాయము ఎక్కడనో దూరముగా, పేరెరుగని మేస్త్రీలు చేసినదని మునుపటివలె నేననుకొనలేకపోయితిని. రహదారిమీది వారికిని మా గేటు బయటి మనిషికిని దూరములో మాత్రమే తేడా.

మే నెల ఒకటవ తేది ఉదయము నేను పద్దుల పుస్తకము తెరచునప్పటికి దానిలో మూడు ఐదువందల నోట్లున్నవి. పోపులడబ్బాలో మిగిలినది కూరలకైపోయినదని నేనెవ్వరితోను చెప్పలేదు. అత్తగారి వంక చూచితిని. ఆమె వత్తులు చేసికొనుచు, తలయెత్తకయే, "దానికి ఇయ్యి. పిట్టగోడ మీద పెట్టకు, చేతికియ్యి, తరువాత సబ్బుతో కడుక్కోవచ్చు" అనిరి.

విరాటపర్వము ముగియునప్పటికి జూను వచ్చినది, వానలును వచ్చినవి. తన పారాయణమువలననే కురిసినవని మా అత్తగారి నిశ్చయము. నైరుతి ఋతుపవనమున కా కీర్తి దక్కనీయలేదు. జూను 20వ తేదిని మన రాష్ట్రములో పదవ తరగతి పరీక్షలు పూర్తిగా రద్దైనవని ప్రకటించిరి. పిల్లలందరును ఉత్తీర్ణులే. వీధిలో కేకలు వేయుచు గెంతిరి. మా వారు లెక్కలు కట్టిన నోటుపుస్తకము మూసి, దానిమీద చేయివేసి కొంతసేపు కూర్చుండిరి. సాయంకాలము ఒక శిష్యుడు ఫోను చేసి, "సార్, ఇక లెక్కలు పంపరా?" అని యడిగెను. "పరీక్ష లేదుగదరా" అనగా, "లేకపోయినా పంపండి సార్, అలవాటైపోయింది" అనెను. ఆ మూడు నెలలకును ఆయనకు ముట్టిన జీతమదియే.

ఆ నెలలోనే పనిమనిషి తిరిగి పనిలోనికి వచ్చినది. ముఖమునకు మాస్కు కట్టుకొని పెరటిలోనికి రాగా, మా వారు కుళాయియొద్ద కూర్చుండియున్నారు. "లెండి మాస్టారూ, నేను తోముతాను" అని సిగ్గుపడెను. ఆయన లేచిరి గాని, ఆనాటినుండి నేటివరకును తన కంచము తాను కడుగుకొనుట మానలేదు. చిన్నవానిచే వాని కంచము వానిచేతనే కడిగించుట మానలేదు. మా అత్తగారు మొదట ముఖము త్రిప్పుకొనిరి. తరువాత అలవాటుపడిరి.

పాఠశాలలు 2020 నవంబరు 2వ తేదిని పై తరగతులకు తెరచిరి. మా వారు మరల చొక్కా తొడుగుకొని వెళ్లిరి, జీతమును మొదలైనది. కాని గడచిన నెలలది రాలేదు. ఇప్పటికిని రాలేదు, ఇక రాదు. మేము ధర్మముగా నడచితిమి గనుక లోకము మాకు ధర్మముగా నడచినదని వ్రాసిన కథ బాగుండును గాని, అది అబద్ధము. ఆ పుటలో ఎడమప్రక్క "రాలేదు" అన్న మాట, దానిక్రింది రెండు గీతలు నేటికిని అట్లే యున్నవి. వానిని చూచినప్పుడెల్ల నాకు కోపము వచ్చును, రావలసినదే. కాని కుడిప్రక్క "పనిమనిషి" అన్న పద్దు ఎదుట ఇప్పుడు ఖాళీ లేదు. కనుకనే ఎడమప్రక్క కోపపడుటకు నాకు అధికారమున్నది.

మరుసటి యేడు 2021 మే నెలలో వ్యాధి రెండవమారు విజృంభించి మన రాష్ట్రములో మరల కర్ఫ్యూ పెట్టినప్పుడు, ఆ పనిమనిషిని మరల రావద్దనవలసి వచ్చినది. ఆ యేటి భయము మునుపటి భయము వంటిది కాదు. మా వీధిలోనే మూడిండ్లలో దీపములారినవి. ఆ గాబరాలో నేను గుమ్మమునొద్దకు పోవుచుండగా మా అత్తగారు మంచముమీదనుండియే కేకవేసిరి: "ఏమే! దాన్ని రావద్దని చెప్పడం కాదు, ఈ నెలది చేతిలో పెట్టి మరీ చెప్పు. ఒకటో తారీఖున ఎవరు వస్తారో, ఎవరు పోతారో!"

చేతిలో పెట్టి చెప్పితిని. ఆమె లెక్కపెట్టుకొనలేదు. "మేదేనాండి?" అని మాత్రమడిగెను. "మేదే" అంటిని.

సోదరీమణులారా, మనము యజమానురాండ్రమని మనకు తోచదు. పాఠశాలకు యాజమాన్యమున్నది, మిల్లునకు యాజమాన్యమున్నది. మనకేమున్నది, పోపులడబ్బా యనుకొందుము. కాని ప్రతి గుమ్మమునొద్దను ఒక మనిషి మన మాటకై నిలుచుచున్నది. మన భర్తలకు, మన బిడ్డలకు పైవారు ఏ ధర్మము చూపవలెనని కోరుదుమో, ఆ ధర్మము చూపవలసిన పైవారము ఆ గుమ్మమునొద్ద మనమే. ఈ నెల పద్దుల పుస్తకము తెరచినప్పుడు జమను ఎట్లును చూచుకొందురు. ఖర్చులో మీరు వ్రాయక విడిచిన పద్దు ఏదైన నున్నదేమో ఒకమారు చూడుడు.